బలహీనమైన హైస్కూల్ నుంచి పెద్ద కాలేజీలకు: అప్లికేషన్‌లో ఏం కనపడాలి, దాన్ని ఎలా సమకూర్చుకోవాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్న తెలుగు కుటుంబం. అమ్మాయి అక్కడి పబ్లిక్ హైస్కూల్లో పదో గ్రేడు, ప్రస్తుతం ఆల్జీబ్రా 2 చేస్తోంది. స్కూల్లో ఉన్నవి మూడే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి) కోర్సులు. లెక్కల్లో ప్రీకాల్‌కులస్ దాటి ఏమీ లేదు. దాదాపు 500 మంది పిల్లలకు ఒక్క కౌన్సెలర్. అక్కణ్ణుంచి ఎంఐటీకో యేల్‌కో వెళ్ళినవాళ్ళు ఎవరూ తెలియదు. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఇల్లు మారాలా? ఇక్కడే ఉంటే ఆ కాలేజీలు అప్లికేషన్ అసలు పట్టించుకుంటాయా?

పట్టించుకుంటాయి. అడ్మిషన్ కోసమే అయితే ఇల్లు మారక్కర్లేదు. కానీ పెద్ద స్కూళ్ళలో చదివే పిల్లలకి స్కూలే చేసిపెట్టే పనులు కొన్ని ఉంటాయి. అవి మీ విషయంలో మీరూ మీ అమ్మాయీ పూనుకుని చేసుకోవాలి. అవేమిటో, ఎప్పటికి పూర్తికావాలో, ఎక్కడ దెబ్బతింటారో చెబుతాను.

సెలెక్టివ్ కాలేజీల్లో అప్లికేషన్లను సాధారణంగా ప్రాంతాల వారీగా పంచుకుని చదువుతారు. మీ ప్రాంతం చూసే ఆఫీసర్ మీ అమ్మాయి ఫైలు తెరిచినప్పుడు తేల్చుకోవాల్సినవి రెండు. ఈ స్కూల్లో దొరికేదాన్ని ఈ పిల్ల పూర్తిగా వాడుకుందా? మా దగ్గరికొస్తే మొదటి సెమిస్టర్‌లోనే కాల్‌కులస్, కెమిస్ట్రీ తట్టుకోగలదా? మొదటిదానికి జవాబు స్కూల్ మార్కుల్లో ఉంటుంది. రెండోదానికి అక్కడ దొరకదు. పాఠాలు తేలిగ్గా, మార్కులు ధారాళంగా ఉండే చోట అన్నీ ‘ఏ’ గ్రేడులే వచ్చినా అవి రెండో ప్రశ్నకి చాలవు. ఆ రుజువు స్కూల్ బయటి నుంచి తెచ్చుకోవాలి. చిన్న స్కూళ్ళ నుంచి వెళ్ళే తెలివైన పిల్లల ఫైళ్ళు పక్కకి పోయేది ఎక్కువగా ఇక్కడే. పిల్లకి శక్తి లేక కాదు, ఉందని చూపించే కాగితం ఒక్కటీ ఫైల్లో లేక.

ముందు మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. ట్రాన్స్‌క్రిప్ట్‌తో (కోర్సులు, మార్కుల పత్రంతో) పాటు కౌన్సెలర్ ‘స్కూల్ ప్రొఫైల్’ అనే ఒకటి రెండు పేజీల పత్రం పంపాలి. స్కూల్లో ఏయే కోర్సులున్నాయి, గ్రేడింగ్ ఎలా, ఎంతమంది నాలుగేళ్ళ కాలేజీకి వెళ్తారు, కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో సగటు ఎంత అనేవి అందులో ఉంటాయి. మూడు ఏపీలున్న చోట మూడూ తీసుకున్న పిల్ల, ఇరవై ఐదున్న చోట మూడే తీసుకున్న పిల్ల ఒకటి కాదు. ఆ తేడా తెలిసేది ఈ పత్రం వల్లే. పెద్ద స్కూళ్ళు దీన్ని ఏటా కొత్తగా తయారుచేసుకుంటాయి. చిన్న స్కూళ్ళలో చాలాసార్లు ఏళ్ళ కిందటిది అలాగే పడి ఉంటుంది, లేదా అసలు ఉండదు. పాత పత్రంలో ఆరు ఏపీలని ఉండి, టీచర్లు వెళ్ళిపోయి ఇప్పుడు మూడే మిగిలితే, సగం వదిలేసిన పిల్లలా కనిపిస్తుంది మీ అమ్మాయి.

అందుకని 11వ గ్రేడు జనవరిలోపు కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళి, “మన స్కూల్ ప్రొఫైల్ ఒకసారి చూడొచ్చా?” అని మర్యాదగా అడగమనండి. లేకపోతే శాట్, ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డ్ సైట్‌లో నమూనా దొరుకుతుంది. మీ అమ్మాయే వివరాలు సేకరించి చిత్తుప్రతి చేసిస్తే పని బరువున్న కౌన్సెలర్ సంతోషంగా సరిచూసి వాడుకుంటారు. అందులో తప్పనిసరిగా ఉండాల్సిన వాక్యాలు ఈ తరహావి: “ఈ విద్యాసంవత్సరం అందించిన ఏపీ కోర్సులు 3. లెక్కల్లో చివరి కోర్సు ప్రీకాల్‌కులస్. ఫిజిక్స్ ఏడాది విడిచి ఏడాది ఉంటుంది. స్టాఫ్ కొరత వల్ల ఏపీ బయాలజీ రద్దయింది. కాలేజీ స్థాయి కోర్సులు కావాల్సినవారు కమ్యూనిటీ కాలేజీకి వెళ్తారు.” విశేషణాలు అక్కర్లేదు. ఫిజిక్స్ ఏడాది విడిచి ఏడాది ఉంటుందన్న ఆ ఒక్క మాటతో ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఫిజిక్స్ ఎందుకు లేదో ఎవరూ అడగకుండానే అర్థమైపోతుంది.

కౌన్సెలర్ నింపే ఫారంలో ఇంకో గడి ఉంటుంది. ఆ స్కూల్లో కాలేజీకి తయారయ్యే మిగతా పిల్లలతో పోలిస్తే ఈ విద్యార్థి తీసుకున్న కోర్సులు ఎంత కఠినమైనవి అని. అందులో అన్నిటికన్నా పైది ‘మోస్ట్ డిమాండింగ్’. మీ అమ్మాయికి ఆ గడిలోనే టిక్ పడాలి. ఏపీకి బదులు కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుతో రెండేళ్ళ చదువు చెప్పే స్థానిక కాలేజీ) కోర్సు తీసుకున్న పిల్లకి కౌన్సెలర్ పొరపాటున ఒక మెట్టు కిందది పెట్టే అవకాశం ఉంది, ఎందుకంటే ఆ కోర్సు స్కూల్ జాబితాలో కనపడదు. 12వ గ్రేడు సెప్టెంబర్‌లో “నేను తీసుకున్నవి మన స్కూల్లో దొరికే అత్యంత కఠినమైన వరస అవుతాయా?” అని తిన్నగా అడగడంలో తప్పులేదు. కాకపోతే ఆ ప్రశ్న 10వ గ్రేడు చివర్లో, కోర్సులు ఎంచుకునేటప్పుడే ఒకసారి అడిగితే దిద్దుకునే టైమ్ ఉంటుంది.

చిన్న స్కూళ్ళలో తరచుగా జరిగే పెద్ద పొరపాటు 12వ గ్రేడులో ఉంటుంది. ఉన్న మంచి కోర్సులన్నీ 11వ గ్రేడుకే అయిపోతాయి. అప్పుడు స్కూల్ ‘ఎర్లీ రిలీజ్’ ఇస్తుంది, లేదా ఆఫీసులో సాయం చేసే పీరియడ్ వేస్తుంది. పిల్లలు పార్ట్ టైమ్ ఉద్యోగానికో ఇంటికో వెళ్ళిపోతారు. స్కూల్ దృష్టిలో అది మామూలు విషయం. అప్లికేషన్ చదివేవాళ్ళకి మాత్రం ఆఖరి ఏడాది చదువు వదిలేసినట్టు కనపడుతుంది. 12వ గ్రేడులో కూడా ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్, సోషల్, విదేశీ భాష అనే అయిదు కుదురుగా ఉండాలి. స్కూల్లో లేనివి బయట తీసుకోవాలి.

ఇక రెండో ప్రశ్న. బయటి రుజువు అంటే ముఖ్యంగా మూడు: కమ్యూనిటీ కాలేజీ లేదా రాష్ట్ర ఆన్‌లైన్ స్కూల్ కోర్సులు, ఏపీ పరీక్షలు, శాట్ లేదా అలాంటిదే అయిన ఏసీటీ ప్రవేశ పరీక్ష.

మీ అమ్మాయి ఆల్జీబ్రా 2 లో ఉంది కాబట్టి లెక్కల దారి ఇప్పుడే తేల్చుకోవాలి. ఆల్జీబ్రా గట్టిగా ఉంటే ఈ వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో ప్రీకాల్‌కులస్ చేసి, 11వ గ్రేడులో కాల్‌కులస్ 1, 2 పూర్తిచేయొచ్చు. అంత గట్టిగా లేకపోతే ఈ దారి పట్టకండి. ఆరేడు వారాల వేసవి కోర్సులో ప్రీకాల్‌కులస్ ఉరుకులు పరుగుల మీద నడుస్తుంది. ట్రిగ్నామెట్రీ సగం సగం వచ్చి కాల్‌కులస్‌లో కూర్చుంటే ‘సీ’ వస్తుంది. అలాంటప్పుడు 11వ గ్రేడులో స్కూల్లోనే ప్రీకాల్‌కులస్ చేసి, ఆ వేసవిలో కాల్‌కులస్ 1, 12వ గ్రేడులో కాల్‌కులస్ 2 చేయడం మేలు. ఒక మెట్టు తక్కువైనా మార్కు నిలబడుతుంది.

కమ్యూనిటీ కాలేజీ విషయంలో నాలుగు జాగ్రత్తలు. ఎన్‌రోల్ అయ్యే ముందే ఈ కోర్సుకి హైస్కూల్ క్రెడిట్ ఇస్తారా, తర్వాతి కోర్సులో నేరుగా కూర్చోనిస్తారా అన్నది కౌన్సెలర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఒక ఈమెయిల్ చాలు. తర్వాత, ‘కాలేజ్ ఆల్జీబ్రా’ అనే పేరు చూసి మోసపోవద్దు. పేరులో కాలేజీ ఉన్నా అది దాదాపు ఆల్జీబ్రా 2 స్థాయే, రెండో ప్రశ్నకి రుజువుగా పనికిరాదు. కాల్‌కులస్, ల్యాబ్‌తో కూడిన జనరల్ కెమిస్ట్రీ, కాల్‌కులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్, ఇంగ్లీష్ కాంపోజిషన్ లాంటివి రుజువు. మూడోది, ఆ గ్రేడులు శాశ్వతం. రేపు మెడికల్ స్కూల్‌కి అప్లై చేస్తే హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సుల మార్కులు కూడా లెక్కలోకి వస్తాయి. కోర్సు తేడా కొడుతోందనిపిస్తే విత్‌డ్రా గడువు ఎప్పుడో మొదటి వారంలోనే క్యాలెండర్‌లో రాసుకోవాలి. నాలుగోది, కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌ని హైస్కూల్ దానంతట అది పంపదు. కాలేజీలు అడిగిన చోట మీరే విడిగా ఆర్డర్ చేయాలి.

దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీ లేకపోతే రాష్ట్ర ఆన్‌లైన్ స్కూల్ ఉందేమో చూడండి. ఫ్లోరిడా వర్చువల్ స్కూల్, జార్జియా వర్చువల్ స్కూల్, నార్త్ కరోలినా వర్చువల్ పబ్లిక్ స్కూల్, వర్చువల్ వర్జీనియా లాంటివి ఏపీ కోర్సులు కూడా చెబుతాయి. వాటిలో నమోదు సాధారణంగా మీ స్కూల్ ద్వారానే జరగాలి కాబట్టి వసంతంలోనే అడగాలి.

ఏపీ పరీక్ష రాయడానికి ఆ క్లాసు చేసి ఉండాలన్న నియమం లేదు. ఈ సంగతి తెలియక చాలామంది వదిలేసుకుంటారు. మీ స్కూల్లో ఆ పరీక్ష పెట్టకపోతే చుట్టుపక్కల పెట్టే స్కూల్‌లో కూర్చోవచ్చు. చేయాల్సింది ఇది: సెప్టెంబర్ మొదట్లో దగ్గరున్న పెద్ద స్కూళ్ళ ఏపీ కోఆర్డినేటర్లకి ఫోన్ చేసి, బయటి విద్యార్థిని తీసుకుంటారా అని అడగాలి. పరీక్షలు ఆర్డర్ చేసే చివరి గడువు నవంబర్ మధ్యలో వస్తుంది. కొన్ని స్కూళ్ళు తమ గడువు అంతకన్నా ముందే పెట్టుకుంటాయి. మార్చిలో గుర్తొచ్చి అడిగితే లాభంలేదు. పరీక్షలు మే మొదటి రెండు వారాల్లో, ఫలితాలు జులైలో. అంటే 12వ గ్రేడు మేలో రాసే పరీక్ష కాలేజీ క్రెడిట్‌కి పనికొస్తుందేమో గానీ అడ్మిషన్‌కి పనికిరాదు. రుజువుగా వాడుకోవాలంటే 11వ గ్రేడు మేలోపే రాయాలి. సొంతంగా చదివి రాసేవాళ్ళు ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు పెట్టుకోవాలి. కాల్‌కులస్ ఏబీలో 5 (అదే అన్నిటికన్నా పై స్కోర్) వచ్చిన ఒక్క పరీక్ష, 3 వచ్చిన నాలుగు పరీక్షల కన్నా గట్టి సాక్ష్యం.

క్లాసులో ‘ఏ’ వచ్చి ఏపీ పరీక్షలో 2 వచ్చిందనుకోండి. మీ స్కూల్లో అందరికీ అంతే వస్తుండొచ్చు. అప్లికేషన్‌లో స్కోర్లు సాధారణంగా మనమే నింపుతాం. తక్కువైనవి, ఆ కాలేజీ అన్నీ ఇవ్వమని ప్రత్యేకంగా అడగకపోతే, వదిలేయొచ్చు. 3 మాత్రం ఆలోచించి నిర్ణయించుకోండి. ఏపీ పరీక్షలో ఎవరూ గట్టెక్కని స్కూల్ నుంచి వచ్చిన 3కి విలువ ఉంది, ఆ సంగతి స్కూల్ ప్రొఫైల్‌లో కనపడితే.

మరీ ఏ దారీ లేనివాళ్ళ కోసం కాల్‌టెక్ 2023లో ఒక వెసులుబాటు ప్రకటించింది. కాల్‌కులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ స్కూల్లో లేని పిల్లలు ఖాన్ అకాడమీలో ఆ సబ్జెక్టు పూర్తిచేసి, స్కూల్‌హౌస్ డాట్ వరల్డ్‌లో 90 శాతం లేదా అంతకు మించి సర్టిఫికేషన్ తెచ్చుకుంటే ఆ అర్హత కింద తీసుకుంటామని. రెండూ ఉచితం. కాల్‌టెక్‌కి అప్లై చేయకపోయినా, స్కూల్లో లేని సబ్జెక్టుని పిల్లలు సొంతంగా నేర్చుకున్నట్టు చూపించడానికి ఇది మంచి దారి.

ఇప్పుడు శాట్. బలహీనమైన స్కూల్ పిల్లలకి ‘టెస్ట్ ఆప్షనల్’ (స్కోర్ పంపడం మీ ఇష్టం) అన్న మాట మేలు చేస్తుందని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో ఎక్కువమందికి అది నష్టం చేసింది. డార్ట్‌మత్ 2024 ఫిబ్రవరిలో పరీక్షను మళ్ళీ తప్పనిసరి చేసినప్పుడు చెప్పిన కారణం అదే. తమకి పనికొచ్చే స్కోర్లని కూడా తక్కువ వనరులున్న చోటి పిల్లలు తక్కువని భయపడి పంపడం లేదని వాళ్ళ అధ్యాపకుల పరిశీలనలో తేలింది. స్కోర్‌ని ఆ స్కూల్ సగటు పక్కన పెట్టి చూస్తారు. సగటు 950 ఉన్న చోటినుంచి వచ్చిన 1430ని, సగటు 1350 ఉన్న చోటినుంచి వచ్చిన 1430ని ఒకేలా చదవరు. ఎంఐటీ 2022లోనే పరీక్షను వెనక్కి తెచ్చింది. హార్వర్డ్, బ్రౌన్, కాల్‌టెక్, స్టాన్‌ఫర్డ్, కార్నెల్ తర్వాత అదే బాట పట్టాయి. యేల్‌లో శాట్, ఏసీటీ, ఏపీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) వీటిలో ఏదో ఒక రకం ఇవ్వాలి. కొలంబియాలో ఇప్పటికీ ఐచ్ఛికమే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు అడ్మిషన్‌కి అసలు చూడవు. అప్లై చేసే ఏడాది ప్రతి కాలేజీ పేజీలో మళ్ళీ సరిచూసుకోండి.

శాట్ ఇప్పుడు డిజిటల్: 2 గంటల 14 నిమిషాలు, 98 ప్రశ్నలు. ప్రతి సెక్షన్‌లో రెండు మాడ్యూళ్ళు. మొదటిదాంట్లో ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కఠినంగానో తేలిగ్గానో వస్తుంది. తేలికది వస్తే ఎంత బాగా చేసినా స్కోర్ ఒక స్థాయి దాటదు. కాబట్టి మొదటి మాడ్యూల్‌లో తొందరపాటు తప్పులు చాలా ఖరీదు. శాట్ వాళ్ళ బ్లూబుక్ యాప్‌లో పూర్తి నమూనా పరీక్షలు, ఖాన్ అకాడమీలో అభ్యాసం ఉచితం. 11వ గ్రేడు మార్చిలో ఒకసారి, మే లేదా జూన్‌లో రెండోసారి, కావాలంటే 12వ గ్రేడు ఆగస్టులో మూడోసారి రాయడం మంచి వరస. చిన్న ఊళ్ళకి సెంటర్లు దూరం, సీట్లు త్వరగా నిండుతాయి. రిజిస్ట్రేషన్ తెరిచిన వారంలోనే చేసుకోండి. ఆదాయం తక్కువుంటే ఫీ వేవర్‌తో రెండుసార్లు ఉచితంగా రాయొచ్చు.

పీఎస్ఏటీ (శాట్‌కి ముందు రాసే అలాంటి పరీక్ష) విషయంలో మాత్రం కాస్త గట్టిగా చెబుతాను. నేషనల్ మెరిట్ అనే స్కాలర్‌షిప్ పోటీకి లెక్కలోకి వచ్చేది 11వ గ్రేడు అక్టోబర్‌లో రాసే పరీక్ష. కొన్ని చిన్న స్కూళ్ళు అది పెట్టనే పెట్టవు. ఆ సంగతి అక్టోబర్‌లో తెలిస్తే ఆలస్యమైపోయినట్టే. ముందు ఏడాది వసంతంలోనే అడిగి, లేకపోతే పక్క స్కూల్లో ఏర్పాటు చేసుకోవాలి. కటాఫ్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూజెర్సీ, మసాచుసెట్స్ లాంటి చోట్ల బాగా ఎక్కువ, వెస్ట్ వర్జీనియా, వయోమింగ్ లాంటి చోట్ల తక్కువ. గ్రామీణ రాష్ట్రంలో ఉండటం ఇక్కడ మీకు కలిసొస్తుంది. అయితే దీనికి పౌరసత్వం, గ్రీన్ కార్డు షరతులున్నాయి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీదున్న పిల్లలు ముందే సరిచూసుకోవాలి.

ఇల్లు మారడం కన్నా మెరుగైన ఇంకో దారి పదో గ్రేడులో ఉన్న మీ అమ్మాయికి ఇప్పుడే తెరుచుకుని ఉంది. కొన్ని రాష్ట్రాల్లో 11, 12 గ్రేడులకి ప్రభుత్వమే నడిపే రెసిడెన్షియల్ సైన్స్ స్కూళ్ళున్నాయి. 1980లో మొదలైన నార్త్ కరోలినా స్కూల్ ఆఫ్ సైన్స్ అండ్ మ్యాథమెటిక్స్, టెక్సస్‌లో టామ్స్, కెంటకీలో గ్యాటన్ అకాడమీ అలాంటివే. మిసిసిపీ, ఆర్కాన్సా, అలబామా, లూసియానాల్లోనూ ఉన్నాయి. వీటిలో చాలావాటికి పదో గ్రేడులోనే అప్లై చేయాలి, గడువులు తరచుగా చలికాలంలో ముగుస్తాయి. మీ రాష్ట్రంలో ఉంటే ఈ వారమే గడువు చూడండి. పిల్ల ఇంటికి దూరంగా ఉండగలదా అన్నది మాత్రం మీరే ఆలోచించుకోవాలి. వెళ్ళినా వెళ్ళకపోయినా అప్లై చేసి చూడటంలో నష్టం లేదు.

మీది ఏ రాష్ట్రమో రాయలేదు, కానీ అది చాలా ముఖ్యం. టెక్సస్ చట్టం ప్రకారం క్లాసులో పై 10 శాతంలో ఉండి, కావలసిన కోర్సులు పూర్తిచేసినవాళ్ళకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. యూటీ ఆస్టిన్‌కి 2026 ఫాల్ నుంచి అది పై 5 శాతం. అది యూనివర్సిటీలో సీటు మాత్రమే, కంప్యూటర్ సైన్సో ఇంజనీరింగో వస్తుందన్న హామీ కాదు. జార్జియాలో వాలెడిక్టోరియన్, సాల్యుటటోరియన్‌లకి (క్లాసులో మొదటి, రెండో ర్యాంకులవాళ్ళకి) జార్జియా టెక్ సీటు ఇస్తుంది. కాలిఫోర్నియాలో తమ స్కూల్లో పై 9 శాతంలో ఉన్నవాళ్ళని యూసీ ప్రత్యేకంగా గుర్తిస్తుంది. ఇవన్నీ స్కూల్ లోపలి ర్యాంకు మీద నడిచేవి. ఇలాంటి రాష్ట్రంలో మంచి డిస్ట్రిక్ట్‌కి మారితే చేతిలో ఉన్నది పోగొట్టుకున్నట్టే. మీ స్కూల్ ర్యాంకు ఎలా లెక్కిస్తుందో, కమ్యూనిటీ కాలేజీ కోర్సుకి ఏపీతో సమానంగా వెయిట్ ఇస్తుందో లేదో హ్యాండ్‌బుక్ తెచ్చి చదవండి. ఇవ్వకపోతే మంచి కోర్సు తీసుకున్న పిల్లే ర్యాంకులో వెనకబడొచ్చు. దానికి సిద్ధపడి తీసుకోవాలి.

రికమెండేషన్ లెటర్ల దగ్గర చిన్న స్కూల్ పిల్లలకి లాభం ఉంది, దాన్ని జారవిడుచుకుంటారు. టీచర్‌కి పిల్ల బాగా తెలుసు. కానీ ఇలాంటి లెటర్లు రాసే అలవాటు ఉండదు. “మంచి అమ్మాయి, ఎప్పుడూ క్లాసు మానదు, మర్యాదగా ఉంటుంది” అని నాలుగు లైన్లు రాసి ఊరుకుంటారు. 11వ గ్రేడు మేలో ఇద్దరు టీచర్లని అడగాలి. ఒకరు లెక్కలు లేదా సైన్స్, ఒకరు ఇంగ్లీష్ లేదా హిస్టరీ అయితే మంచిది. ఎంఐటీ అలాగే అడుగుతుంది. అడిగేటప్పుడు ఒక పేజీ కాగితం చేతికివ్వాలి. అందులో గొప్పలు కాదు, గుర్తుచేసే సంగతులుండాలి: “రెండో సెమిస్టర్ ప్రాజెక్టులో నా డేటా తప్పని తేలాక మళ్ళీ మొదలుపెట్టాను. టైట్రేషన్ ల్యాబ్‌లో మూడుసార్లు లెక్క కుదరకపోతే మీరు బ్యూరెట్ రీడింగ్ ఎలా తీయాలో చూపించారు.” అది చదివిన టీచర్‌కి ఆ రోజు కళ్ళముందు కనపడుతుంది, లెటర్‌లోకి వస్తుంది. కమ్యూనిటీ కాలేజీ ప్రొఫెసర్ దగ్గర ఒక అదనపు లెటర్, కాలేజీ అనుమతిస్తే, తప్పక తీసుకోండి. “నా క్లాసులో పెద్దవాళ్ళందరిలోకీ ఈ పిల్లే ముందుంది” అన్న వాక్యం రెండో ప్రశ్నకి సూటి జవాబు.

స్కూల్ లోటుపాట్ల గురించి ఎక్కడ రాయాలి? మెయిన్ ఎస్సేలో వద్దు. ఆ 650 పదాలు పిల్లని చూపించడానికి, స్కూల్‌ని తిట్టడానికి కాదు. చాలా కాలేజీలకి ఒకే చోటినుంచి అప్లై చేసే కామన్ యాప్‌లో ‘అడిషనల్ ఇన్ఫర్మేషన్’ అని వేరే చోటుంది. 2025-26 నుంచి అక్కడ 300 పదాలే. కష్టాలు, పరిస్థితుల గురించి ఇంకో 250 పదాల పెట్టె ఉంది. “మా స్కూల్ చాలా అధ్వాన్నం, సరైన టీచర్లు లేరు, అందువల్ల నాకు అన్యాయం జరిగింది” అని రాస్తే చదివేవాళ్ళకి తెలిసేది ఏమీ ఉండదు. అదే విషయం ఇలా రాయొచ్చు: “11వ గ్రేడు కెమిస్ట్రీకి అక్టోబర్ నుంచి మార్చి దాకా శాశ్వత టీచర్ లేరు, ల్యాబ్‌లు జరగలేదు. ఆ వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో ల్యాబ్‌తో జనరల్ కెమిస్ట్రీ 1 చేశాను, గ్రేడు ‘ఏ’. మా స్కూల్లో కాల్‌కులస్ లేదు. కాలేజీ 40 మైళ్ళ దూరం కాబట్టి ఆన్‌లైన్ సెక్షన్ తీసుకున్నాను.” నాలుగు వాక్యాలు: ఏం లేదు, ఎప్పుడు, నేనేం చేశాను, ఏం వచ్చింది. ఇవే సంగతులు కౌన్సెలర్ లెటర్‌లోనూ ఉంటే ఇంకా బలం.

యాక్టివిటీస్‌కి పది గడులు, ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలు. క్లబ్బులు లేని స్కూల్లో గడులు ఖాళీగా ఉంటాయని మనవాళ్ళు కంగారుపడి, ఆఖరి ఏడాది ఏదో ఒక సేవాసంస్థ పేరు పెట్టి వెబ్‌సైట్ చేయిస్తారు. చదివేవాళ్ళకి అది ఇట్టే తెలిసిపోతుంది. ఇంటి బాధ్యతలకి కామన్ యాప్‌లో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. “వారానికి 12 గంటలు తమ్ముణ్ణి చూసుకోవడం: బస్సు దగ్గర తీసుకురావడం, హోంవర్క్, రాత్రి వంట” అన్నది నిజమైతే నిస్సంకోచంగా రాయాలి. ఉద్యోగమూ అంతే. చదువు వైపు స్కూల్‌తో పనిలేకుండా చేయగలిగినవి ఉన్నాయి. ప్రోగ్రామింగ్ పోటీ యూఎస్ఏసీఓ ఉచితం, ఆన్‌లైన్, బ్రాంజ్ నుంచి పైకి ఎక్కుతూ పోవచ్చు. ఏఎంసీ లెక్కల పరీక్ష నవంబర్‌లో ఉంటుంది, మీ స్కూల్ పెట్టకపోతే వేరే చోట రాయొచ్చు. వేసవికి ఎంఐటీ వాళ్ళ మైటీస్, టెల్యూరైడ్ వాళ్ళ టాస్ లాంటివి పూర్తి ఉచితం, కానీ గట్టి పోటీ. వేలకి వేలు డాలర్లు కట్టి పెద్ద యూనివర్సిటీ క్యాంపస్‌లో రెండు వారాలు ఉండొచ్చే ప్రోగ్రాంలకి అడ్మిషన్‌లో విలువ దాదాపు ఉండదు. ఆ డబ్బు కమ్యూనిటీ కాలేజీ కోర్సు మీద పెట్టండి.

చిన్న ఊళ్ళ పిల్లల కోసమే 2023లో స్టార్స్ కాలేజ్ నెట్‌వర్క్ మొదలైంది. ఎంఐటీ, యేల్, షికాగో, బ్రౌన్, కొలంబియా, కాల్‌టెక్, వాండర్‌బిల్ట్ అందులో ఉన్నాయి. మీలాంటి స్కూళ్ళని వెతుక్కుంటూ రావడమే ఆ నెట్‌వర్క్ పని. అందులో పేరు నమోదుచేసుకుంటే సమాచారం వస్తుంది. దారిఖర్చులు పెట్టుకుని పిల్లల్ని క్యాంపస్‌కి పిలిపించే ఫ్లై-ఇన్ ప్రోగ్రాంలు కూడా కాలేజీలకుంటాయి. వాటికి 12వ గ్రేడు మొదలయ్యే వేసవిలోనే అప్లై చేయాలి.

డబ్బు గురించి రెండు మాటలు. నలుగురున్న కుటుంబానికి ఆదాయం 65,000 డాలర్ల లోపైతే క్వెస్ట్‌బ్రిడ్జ్ చూడండి, తక్కువ ఆదాయం పిల్లల్ని స్కాలర్‌షిప్‌తో కాలేజీలకి జతచేసే (మ్యాచ్) సంస్థ అది. అప్లికేషన్ సెప్టెంబర్ చివర్లో, మ్యాచ్ ఫలితం డిసెంబర్ 1న. అంతకన్నా ఎక్కువైనా వెనకాడక్కర్లేదు. మామూలు ఆస్తులుండి ఆదాయం 2,00,000 డాలర్ల లోపు ఉన్న కుటుంబాలకి హార్వర్డ్, ఎంఐటీ 2025 ఫాల్ నుంచి ట్యూషన్ తీసుకోవడం లేదు. ప్రతి కాలేజీ సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాల్‌కులేటర్ (సాయం పోను మీరు కట్టాల్సింది అంచనా వేసేది) ఉంటుంది. బైండింగ్ ఎర్లీ డెసిషన్ (సీటొస్తే తప్పక చేరాల్సిన ముందస్తు అప్లికేషన్) పెట్టే ముందు అందులో మీ అంకెలు వేసి చూడండి. హెచ్-4 పిల్లలకి ఫెడరల్ సాయం రాదు, చాలా కాలేజీలు వాళ్ళని అంతర్జాతీయ విద్యార్థులుగా చూస్తాయి. ఆ వర్గానికి కూడా ఆర్థిక స్థితి చూడకుండా సీటిచ్చేవి కొన్నే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్ వాటిలో ఉన్నాయి. గ్రీన్ కార్డు లేకపోతే జాబితా తయారీ ఇక్కణ్ణుంచే మొదలవ్వాలి.

ఇంత చేసినా హార్వర్డ్, ఎంఐటీ లాంటివి వందమందిలో అయిదుగురికి కూడా సీటివ్వవు. జాబితాలో అలాంటివి నాలుగైదు ఉంటే, మీ రాష్ట్ర ప్రధాన యూనివర్సిటీ ఆనర్స్ కాలేజీ, మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చే రెండు మూడు కాలేజీలు అంతే శ్రద్ధగా పెట్టాలి. పైన చెప్పిన కోర్సులూ పరీక్షలూ అక్కడ కూడా అలాగే పనికొస్తాయి, క్రెడిట్‌గానూ స్కాలర్‌షిప్‌గానూ.

ఆఖరుగా, కౌన్సెలర్ పని భారం వల్ల జరిగే పొరపాట్లు. కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఎర్లీ గడువు చాలా చోట్ల నవంబర్ 1. సెప్టెంబర్ మొదటి వారంలో కాలేజీల పేర్లు, గడువులు, ఏ పత్రం ఎటు వెళ్ళాలో ఒకే కాగితం మీద టైప్ చేసి కౌన్సెలర్‌కి ఇవ్వాలి, గడువుకి రెండు వారాల ముందు గుర్తుచేయాలి. సబ్మిట్ చేశాక ప్రతి కాలేజీ పోర్టల్‌లోకి వెళ్ళి ఏ పత్రం అందింది, ఏది అందలేదు చూసుకోవాలి. ఎక్కువగా తప్పిపోయేది జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్ళాల్సిన మిడ్-ఇయర్ రిపోర్టు, అంటే 12వ గ్రేడు మొదటి సెమిస్టర్ మార్కులు. ఇలాంటి కాలేజీలకి పిల్లల్ని పంపడం అలవాటు లేని స్కూళ్ళలో అలాంటిదొకటి ఉందనే తెలియదు. సెమిస్టర్ గ్రేడులు పడిన రోజే మీ అమ్మాయిని ఆఫీసుకి పంపి, అది వెళ్ళిందని పోర్టల్‌లో కనపడేదాకా ఊరుకోకండి.